రాతి తొట్టిలో ఇన్నాసమ్మ గిన్నె

అమెరికా వచ్చాక వెంకటేశ్వరస్వామి గుడికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క చెప్పగలను గానీ, మఠంలోని చర్చికి ఎన్నిసార్లు వెళ్లానో చెప్పలేను. పేరు లీలావతి, పుట్టింది నెల్లూరులో, వారానికి ఐదు రోజులు పొద్దున్నే కేథలిక్ చర్చి ముందు కారాపి కూర్చునే ఆడమనిషి పిస్కాటవే మొత్తంలో నేనొక్కదాన్నే అయివుంటాను. దీనికంతటికీ కారణం గాదె ఇన్నాసమ్మ.

ఇన్నాసమ్మకు అరవై ఎనిమిదేళ్లు. నేత చీర, దాని మీద కొడుకు చదువుకునే రోజుల్లో వేసి వదిలేసిన యూనివర్సిటీ స్వెట్‌షర్ట్, కాళ్లకు తెల్లబూట్లు. మనిషి పొట్టి. కోపం మాత్రం నిండా ఆరడుగులు. పుట్టింది ఫిరంగిపురం పక్కన ఒక పల్లెలో, ఏడు తరాలుగా కేథలిక్ కుటుంబం. ఎనిమిదేళ్లప్పుడు ఊరి చర్చి గుమ్మం దగ్గర తీర్థపు తొట్టిలో కప్పపిల్లల్ని వదిలిపెట్టిందట. దీవించిన నీళ్లలో పెరిగితే అవి భక్తిగల కప్పలవుతాయో లేదో చూడాలనుకుందట. ఫాదర్ గారు బెత్తంతో కొట్టారని చెప్పి, "కొట్టింది సరే, ఆ కప్పల్నేం చేశారో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు లీలమ్మా" అని ఇప్పటికీ నొచ్చుకుంటుంది.

భర్త శౌరయ్య ఉపదేశి. ఫాదర్ వారానికొకసారి వచ్చే పల్లెల్లో పిల్లలకు జపాలు నేర్పి, చర్చి తలుపు తీసి, దీపం పెట్టే మనిషిని వాళ్లు ఉపదేశి అంటారు. పేరు ఆయనది, పని ఈవిడది. తొట్టిలోకి నీళ్లు మోసిందీ, ఫాదర్ పూజ చేసే పీఠం మీద గుడ్డలు ఉతికిందీ దాదాపు నలభై ఏళ్లు ఇన్నాసమ్మే. ఆయన పోయాక కొడుకు జోజి ఇక్కడికి తీసుకొచ్చాడు. జోజీ, కోడలూ ఇద్దరూ మంచివాళ్లే. నేను వాళ్ల మీద ఏమీ చెప్పబోవడం లేదు. కానీ ఆ ఇంటికి తాళం చెవి లేదు. తలుపు మీద అంకెలు నొక్కాలి. సెక్యూరిటీ కోసమని జోజి రెండు నెలలకోసారి ఆ అంకెలు మారుస్తాడు. ఈవిడ పాత అంకెలే నొక్కి, తలుపు కుయ్యి కుయ్యిమంటుంటే, వాకిట్లో నిలబడి నాకు ఫోన్ చేస్తుంది. మా పరిచయం అలాగే మొదలైంది. ఎదురిల్లు మాదే.

నేను పనిచేసే డేకేర్‌కి వెళ్లే దారిలోనే, ఇరవై ఐదు నిమిషాల దూరంలో, చెట్ల మధ్య ఆ మఠం ఉంది. మిగిలింది ఐదుగురు సన్యాసులు, అందరూ ముసలివాళ్లే. ఒక రోజు పూజకు దించితే, పీఠం మీద గుడ్డ ముడతలు చూసి ఇన్నాసమ్మకు పూజ మీద మనసు నిలవలేదు. పెద్దాయన ఫాదర్ కాన్రాడ్‌ను పట్టుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో, "ఫాదర్, క్లాత్ గివ్ మీ" అంది. వారం తర్వాత అన్నం గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చిన గుడ్డ చూసి ఆయన మిగతా నలుగురినీ పిలిచి చూపించారు. అంచు కత్తిలా నిలబడింది. మూడో నెలకు చర్చి తాళం చెవి ఆవిడ చేతికొచ్చింది. అరచేతంత పొడుగున్న ఇనుప చెవి. కొంగున ముడేసి, దాని మీద పిన్నీసు పెట్టుకుంది.

"ఈ దేశంలో నాకంటూ ఉన్నది ఇదొక్కటే లీలమ్మా. దీనికి అంకెలు లేవు, మారేది లేదు. పెట్టి తిప్పితే తెరుచుకుంటది" అంది ఆ రోజు కారులో. నేను నవ్వాను. తర్వాత ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇక తొట్టి సంగతి. చర్చి గుమ్మం దాటగానే కుడివైపు స్తంభానికి ఆనుకుని ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల నాటిదట. ఫ్రాన్సులో పాడుబడ్డ ఒక మఠం నుంచి, వందేళ్ల కిందట ఎవరో ధనవంతుడు ఓడలో తెప్పించి వీళ్లకిచ్చాడు. సున్నపురాయి. చుట్టూ ద్రాక్షతీగ, రెండు చేపలు, మూలన నాలుక బయటపెట్టి వెక్కిరించే ఒక మనిషి మొహం. గుమ్మంలోకొచ్చినవాళ్లు అందులోని దీవించిన నీళ్లలో వేళ్లు ముంచి, సిలువ గుర్తు వేసుకుని లోపలికి వెళతారు. ఇన్నాసమ్మకు ఆ వెక్కిరించే మొహమంటే ప్రాణం. రోజూ దాని నాలుక మీద కూడా ఒక చుక్క నీళ్లు పెట్టేది.

పోయినేడాది ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి మ్యూజియం వాళ్లొచ్చి రాయిని పరీక్ష చేశారు. దీవించే నీళ్లలో ఉప్పు కలుపుతారు. ఎనిమిది వందల ఏళ్ల ఉప్పు రాయిలోకి దిగి, రాయి పొడిపొడిగా రాలుతోందన్నారు. నిజమే, ఒక చేప రెక్క అప్పటికే ఊడిపోయింది. ఇకనుంచి తొట్టిలో నీళ్లు పోయకూడదు, మళ్లీ తడి కనిపిస్తే రాయిని మ్యూజియానికి తరలించేస్తామన్నారు. ఫాదర్ కాన్రాడ్ తాళం చెవులున్న ముగ్గురినీ పిలిచి, ఎవరు నీళ్లు పోసినా చెవి తిరిగిచ్చేయాలని, అందులో మినహాయింపు లేదని చెప్పారు. తొట్టి పక్కన గోడకు ఒక ప్లాస్టిక్ యంత్రం బిగించారు. కింద చెయ్యి పెడితే మూడు చుక్కలు రాలుస్తుంది. బుద్ధి పుట్టకపోతే అవీ రాల్చదు.

"సబ్బు డబ్బా" అంది ఇన్నాసమ్మ కారెక్కుతూనే. "హాస్పిటల్లో ఉంటదే, అది. సర్వేశ్వరుడి గుమ్మంలో సబ్బు డబ్బా పెట్టారు."

"రాయి పాడవుతుందన్నారు కదక్కా."

"రాయి సంగతి కాదే నేను చెప్పేది. ముసలోళ్లు అలవాటుకొద్దీ తొట్టిలో వేళ్లు పెడతన్నారు. ఏం తగిలిద్ది? దుమ్ము. ఆ దుమ్ముతోనే సిలువ గుర్తు వేసుకుంటన్నారు. మనింటికి మనిషొస్తే ముందు మంచినీళ్లిస్తామా, ఇయ్యమా? ఇయ్యని ఇల్లు ఒక ఇల్లేనా?"

నేను కారు తీసి రోడ్డెక్కాను. ఆవిడ ప్రశ్న అడిగి వదిలేసే రకం కాదు. నాలుగు రోజుల తర్వాత సంచిలోంచి ఒక స్టీలు గిన్నె తీసి చూపించింది. పెరుగు తోడుపెట్టుకునే గిన్నె. నిండా పోస్తే మూడు గ్లాసుల నీళ్లు పడతాయి.

"నీళ్లు తొట్టిలో పొయ్యొద్దన్నారు. గిన్నెలో పొయ్యొద్దనలేదుగా" అంది.

ఆపాలని నాకు తోచలేదని చెబితే అబద్ధం. ఆపాలని తోచింది, అయినా ఆపలేదు. అంతేకాదు, గిన్నె అడుగు రాయికి తగలకుండా పెట్టమని మా ఇంట్లో పాత దుప్పటి ముక్క కూడా ఇచ్చాను. పొద్దున ఆరున్నరకు తలుపు తీయగానే గిన్నె తొట్టిలో దిగేది. పూజ అయ్యాక మళ్లీ సంచిలోకి వచ్చేసేది. తొట్టి అంచు పైకి ఉంటుంది కాబట్టి దగ్గరికొచ్చి తొంగిచూస్తే తప్ప గిన్నె కనబడదు. ఫాదర్లు పక్క తలుపు నుంచి వస్తారు, వాళ్లకు తెలిసే వీలు లేదు. మరి దీవించిన నీళ్లు ఎక్కడివి? సబ్బు డబ్బా మూత తీసి, అందులోవే గిన్నెలో పోసుకునేది.

మొదటిరోజు ఒక పోలండు ముసలావిడ అలవాటుగా వేళ్లు పెట్టి, తడి తగిలి అదిరిపడింది. తొంగిచూసింది. ఇన్నాసమ్మ మూలన నిలబడి పెదాల మీద వేలు పెట్టింది. ఆ ముసలావిడ సిలువ గుర్తు వేసుకుని, వెళ్తూ వెళ్తూ కన్ను గీటింది. వారం తిరిగేసరికి పొద్దున పూజకొచ్చే పాతికమందికీ తెలిసిపోయింది. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. ఎప్పుడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోనివాళ్లు కూడా గుమ్మం దగ్గర ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. తిరిగి వెళ్లేటప్పుడు ఇన్నాసమ్మను ఇంటి దగ్గర దించడానికి పోటీ పడేవాళ్లు.

అసలు తమాషా ఏమిటంటే, రోజూ యంత్రం ఖాళీ అయిపోతుంటే ఫాదర్ కాన్రాడ్ పొంగిపోయారు. కొత్త యంత్రాన్ని జనం ఎంతో ఇష్టపడుతున్నారని, పాత తొట్టిని పూర్తిగా మరిచిపోయారని మ్యూజియం వాళ్లకు ఉత్తరం రాశారట. ఆ సంగతి విన్న రోజు ఇన్నాసమ్మ కారులో నవ్వి నవ్వి, దగ్గొచ్చి, నా వాటర్ బాటిల్ మొత్తం తాగేసింది.

ఇలా ఏడాది పైన గడిచింది. ఈ ఏప్రిల్లో ఒక మంగళవారం జోజి ఫోన్ చేశాడు. ప్లంబర్ వస్తున్నాడు, ఇంట్లో ఎవరూ లేరు, త్వరగా వెళ్లమని. ఇన్నాసమ్మ హడావుడిగా ఎవరి కారో ఎక్కి వెళ్లిపోయింది. గిన్నె తొట్టిలోనే ఉండిపోయింది.

అదే రోజు మధ్యాహ్నం మ్యూజియం నుంచి భవిత వచ్చింది. పాతరాళ్లను కాపాడే చదువు చదువుతోంది, ఇక్కడే పుట్టిన పిల్ల, అమ్మానాన్నలది వరంగల్. నెలకోసారి వచ్చి రాయిని ఫొటోలు తీసి, తడి ఎంతుందో చిన్న పరికరంతో చూసి వెళుతుంది. ఆ రోజు టార్చి వేసి చూస్తే లోపల నీళ్లతో నిండిన స్టీలు గిన్నె.

మనవాళ్లు స్టీలు గిన్నె కొంటే పేరు కొట్టించకుండా ఇంటికి తెచ్చుకోరు కదా. పక్కింటికి కూర పంపినా, పెళ్లిలో వంటకిచ్చినా, గిన్నె మళ్లీ ఇంటికి చేరాలి. ఏడాదిపాటు ప్రతిరోజూ దొంగతనంగా పెట్టి తీసిన గిన్నె మీద, అంచు కింద చుక్కచుక్కగా పేరు చెక్కి ఉందన్న సంగతి ఇన్నాసమ్మకూ గుర్తు లేదు, తెలుగు పంతులమ్మగా ముప్పై ఏళ్లు పనిచేసిన నాకూ కళ్లకు ఆనలేదు. దొంగలమైతే అయ్యాం గానీ, మాకు ఆ విద్య రాదని తేలిపోయింది.

భవితకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కానీ ఆ చుక్కల అక్షరాలు చూడగానే గుర్తుపట్టింది. వాళ్ల నాయనమ్మ గిన్నెల మీదా అవే ఉంటాయి. అది తెలుగని ఫాదర్‌తో చెప్పింది. ఫాదర్ కాన్రాడ్ మొహం వెలిగిపోయిందట. మనకు తెలుగు చదవగలిగే మనిషి ఉందిగా, మిసెస్ గాదెను పిలుద్దాం అన్నారు. తెలుగు గిన్నె దొరికితే తెలుగావిడ మీద అనుమానం రాకపోవడం చూడండి. అంత నమ్మకం ఆయనకు ఈవిడ మీద. నాకు అదే భయమేసింది.

బుధవారం మధ్యాహ్నం డేకేర్‌కి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. మఠం ఆఫీసు గదిలో బల్ల మీద గిన్నె. ఒక పక్క ఫాదర్, ఒక పక్క భవిత. ఇన్నాసమ్మ గిన్నె వైపు చూడలేదు, గోడ మీద క్యాలెండర్ చూస్తోంది. చెయ్యి మాత్రం కొంగు ముడి మీదుంది.

ఫాదర్ చాలా మర్యాదగా, దీని మీద ఏం రాసుందో చదివిపెడతారా అని అడిగారు.

"గ్లాసెస్ నో, ఫాదర్" అంది ఇన్నాసమ్మ. కళ్లజోడు మెడలో తాడుకు వేలాడుతూనే ఉంది. గబుక్కున స్వెట్‌షర్ట్ లోపలికి తోసేసి, గిన్నెను నా చేతిలో పెట్టింది.

చదివాను. 'గాదె శౌరయ్య ఉపదేశి, ఇన్నాసమ్మ, 12-5-1979.' పెళ్లికి ఊరివాళ్లిచ్చిన గిన్నె అన్నమాట. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను అబద్ధం చెప్పాను. చర్చిలో కాదు, పక్క గదిలో, అదీ ఇంగ్లీషులో.

"ఇది ఫ్యాక్టరీ వాళ్లు వేసిందండీ. చేతులు కడుక్కునే గిన్నె అని రాశారు. వేరే పనులకు వాడొద్దని" అన్నాను.

భవిత వంగి చూసింది. "ఆంటీ, ఇది నైన్టీన్ సెవెన్టీ నైన్ కదా? ఫ్యాక్టరీ వాళ్లు డేట్ ఎందుకు వేస్తారు? అండ్ ఈ లెటర్ నాకు తెలుసు. ఇ. సండే తెలుగు క్లాస్‌లో అక్కడిదాకా నేర్చుకుని మానేశా."

"అప్పట్లో తయారుచేసిన తేదీ వేసేవాళ్లమ్మా" అన్నాను. ఒక అబద్ధం ఆడాక రెండోది సులువుగానే వచ్చింది.

భవిత నమ్మేదే. ఫాదర్ అప్పటికే తల ఊపారు. ఇంకొక్క నిమిషం ఆగితే మేమిద్దరం కారెక్కి ఇంటికొచ్చేసేవాళ్లం, తాళం చెవి కొంగునే ఉండేది. కానీ నా ఇంగ్లీషులో 'హ్యాండ్ వాష్' అన్న ముక్క అర్థమైపోయి, ఇన్నాసమ్మ నా వైపు తిరిగింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"ఏందే లీలావతీ, చేతులు కడుక్కునే గిన్నా?" అంది. పరిచయమైన తొమ్మిదేళ్లలో నన్ను అలా పిలవడం అదే మొదలు. "మా ఆయన పేరు పట్టుకుని చేతులు కడుక్కునే గిన్నంటావా? ఊరూరూ తిరిగి జపాలు చెప్పిన మనిషి పేరు అది. సిగ్గులేదటే నీకు?"

"అక్కా, ఊరుకో" అన్నాను కాలు తొక్కుతూ.

ఊరుకోలేదు. కళ్లజోడు బయటకు లాగి పెట్టుకుంది. గిన్నె నా చేతిలోంచి లాక్కుని, అక్షరం అక్షరం మీద వేలు పెట్టి, గట్టిగా, పీఠం దగ్గర బైబిలు వాక్యం చదివినట్టు చదివింది. తర్వాత ఫాదర్ వైపు తిరిగి, "మై హస్బెండ్. మీ. మ్యారేజ్. మై బౌల్, ఫాదర్. వన్ ఇయర్, డైలీ" అంది. ఆ పైన ఇంగ్లీషు అయిపోయింది. భవితను చూసి, "నువ్వు చెప్పమ్మా ఆయనకి. రాయి మీద ఒక్క చుక్క పడనియ్యలా. కింద గుడ్డేశా. గుమ్మంలోకొచ్చిన మనిషికి నీళ్లియ్యకుండా లోపలికి రమ్మనడం మాకు చేతగాదు. మా ఇళ్లల్లో అట్టా చెయ్యం. అంతే" అంది.

భవిత చెప్పింది. మధ్యలో మాటలు తడుముకుంది, అయినా ఏదీ వదలకుండా చెప్పింది. ఫాదర్ కాన్రాడ్ గిన్నెను దగ్గరికి తీసుకుని, ఆ చుక్కల అక్షరాల మీద వేలు పెట్టి చూశారు. తర్వాత, తాను ముగ్గురి ముందూ మాటిచ్చానని, ఒకరికోసం మార్చలేనని, తాళం చెవి ఇవ్వమని చెయ్యి చాపారు. ఇన్నాసమ్మ పిన్నీసు తీసింది. ముడి బిగుసుకుపోయి రాలేదు, పంటితో లాగి విప్పింది. చెవి బల్ల మీద పెట్టి, గిన్నె కూడా అక్కడే వదిలేసి బయటికొచ్చేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద, ఆ మ్యూజియం మీద, అన్నిటికన్నా ఎక్కువ నా దిక్కుమాలిన అబద్ధం మీద. ఇంటి ముందు దిగి, ఇన్నాసమ్మ పాత అంకెలే నొక్కింది. తలుపు కుయ్యిమంది. నేను వెళ్లి కొత్త అంకెలు నొక్కాను.

గురువారం పూజకు రానంది. శుక్రవారమూ రానంది. శుక్రవారం సాయంత్రం భవిత నుంచి నాకు మెసేజ్ వచ్చింది. "ఆంటీ, ప్లీజ్ ఇన్నాసమ్మ ఆంటీని తీసుకురండి. ఎందుకో చెప్తే రారు." శనివారం పొద్దున నేను ఆ ఇంటికి వెళ్లి, పూజ మానడం పాపమని దబాయించాను. రోజూ విష్ణు సహస్రనామం చదివే మనిషి వచ్చి కేథలిక్కులకు పాపం గురించి చెబుతోందే అని ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వాక ఇక రానని పట్టుబట్టలేకపోయింది.

చర్చి గుమ్మం ముందు పాతికమంది వరసలో ఉన్నారు. ఎందుకో అర్థం కాలేదు. దగ్గరికెళితే కనబడింది. నల్ల అంగీలో ఫాదర్ కాన్రాడ్ తొట్టి పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో ఇన్నాసమ్మ గిన్నె. ఒక్కొక్కరూ అందులో వేళ్లు ముంచి లోపలికి వెళుతున్నారు. ఆయన గురువారం నుంచీ ఇలాగే నిలబడుతున్నారట. రాతి తొట్టిలో నీళ్లు ఉండకూడదు, తాను మాట తప్పకూడదు. చేతుల్లో పట్టుకోవద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇన్నాసమ్మ వంతు వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ల ఆ అమెరికా సన్యాసి, భవిత దగ్గర నేర్చుకున్న మాట కూడబలుక్కుని, "రండి. మంచినీల్లు" అన్నారు.

ఆవిడ అక్కడే ఆగిపోయింది. వెనక ఉన్నవాళ్లు కూడా ఆగిపోయారు. ఇన్నాసమ్మ ఏడ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోతుంటే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "రెండు చేతుల్తో పట్టుకోండి ఫాదర్, జారుద్ది" అంది తెలుగులోనే. చేతులతో చూపించింది కూడా. ఆయన రెండు చేతులతో పట్టుకున్నారు. వేళ్లు ముంచి, సిలువ గుర్తు వేసుకుని లోపలికి వెళ్లింది.

సోమవారం భవిత తొట్టిని మళ్లీ పరీక్ష చేసింది. ఏడాదిగా గిన్నె కూర్చున్నచోట తడి లేదు, కొత్తగా రాలిన పొడీ లేదు. ఆ కాగితాలన్నీ పైవాళ్లకు పంపింది. కింద మెత్తటి గుడ్డ ఉంటే గిన్నె పెట్టుకోవచ్చని రెండు రోజుల్లో జవాబొచ్చింది.

బుధవారం ఫాదర్ కాన్రాడ్ మణికట్టుకు పట్టీ కట్టుకుని వచ్చారు. వారంపాటు రోజూ అరగంట గిన్నె పట్టుకుని నిలబడ్డారు పాపం. పూజ అయ్యాక ఇన్నాసమ్మను పక్కకు పిలిచి, జవాబు సంగతి చెప్పి, మ్యూజియం వాళ్లే ఒప్పుకున్నాక ఇక మినహాయింపు అక్కర్లేదంటూ ఇనుప తాళం చెవి చాపారు. తన చేతులు నొప్పిపుడుతున్నాయని, రేపటినుంచి గిన్నె తొట్టిలో మీరే పెట్టాలని అన్నారు.

ఇన్నాసమ్మ ఆ తాళం చెవి వైపు చూసింది. తీసుకోలేదు. "థింక్, ఫాదర్. ఫ్రైడే ఐ టెల్" అంది. ఆయన తాళం చెవి అలాగే పట్టుకుని నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

కారులో కూర్చోగానే మండిపడ్డాను. "ఏంటక్కా ఇది? దానికోసమే కదా వారం నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు నువ్వు! ఆయన చేతులకు పట్టీ చూశావా? ఇస్తుంటే తీసుకోవడానికేం?"

"తీసుకుంటా" అంది, సీటుబెల్టు పెట్టుకుంటూ. "శుక్రవారం తీసుకుంటా. చెవెక్కడికి పోదులే."

"మరి రేపు?"

కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"నీళ్లు పొయ్యడం మొదలుపెట్టి నలభై ఏళ్ల పైమాటే లీలమ్మా. వచ్చిన ప్రతోళ్లకీ నేనే ఇచ్చా. నాకెవరూ ఎదురొచ్చి నిలబడి ఇయ్యలా. ఇంకొక్క రోజు ఇయ్యనీ."

గురువారం పొద్దున అరగంట ముందే తయారై వాకిట్లో నిలబడింది. పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుంది. స్వెట్‌షర్ట్ వేసుకోలేదు.